వెనకే ఉన్న రన్‌వే ఎందుకు అందదు?

శ్రీకాకుళం జిల్లాలో విమానాశ్రయం లేదు. నరసన్నపేట వాళ్లు ఇన్నాళ్లూ విమానం ఎక్కాలంటే జాతీయ రహదారి పట్టుకుని విశాఖపట్నం దాకా పోవాల్సి వచ్చేది. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త విమానాశ్రయం రావడంతో ఆ దూరం తగ్గుతోంది. విమానాల మీద కబుర్లకి మాత్రం ఇక్కడ ఎప్పుడూ దూరాభారం లేదు. కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీయే కదా. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలినప్పుడు టీ బడ్డీ దగ్గర టీవీ చూస్తున్న వాళ్ల నోట ఒకటే మాట: “ఎనక్కి తిప్పీసి దింపీస్తే సరిపోను కదేటి?”

మాట వినడానికి అమాయకంగా ఉన్నా, విమానం నడపడం నేర్చుకునే ప్రతి ఒక్కరికీ మొదట తట్టే ఆలోచన ఇదే. ఏళ్ల తరబడి నడిపినవాళ్లని కూడా ఆఖరి క్షణంలో లాగేది ఇదే. అహ్మదాబాద్‌లో ఆ అవకాశమే లేకపోయింది. దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదిక ప్రకారం, విమానం నేల విడిచిన కొద్ది సెకన్లకే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ ఒక సెకను తేడాతో ఆపివేసే స్థానంలోకి వెళ్లాయి. నేల విడవడానికీ కూలడానికీ మధ్య ఉన్నది సుమారు 32 సెకన్లు. పెద్ద విమానంలో రెండు ఇంజిన్లూ ఒకేసారి పోవడం అరుదు. ఒకటి పోతే రెండోదానితో పైకి ఎక్కేలాగే వాటిని తయారుచేస్తారు. చిన్న విమానంలో ఆ రెండోది ఉండదు. అందుకే వెనక్కి తిప్పడమనే ఈ ప్రశ్నని నిజంగా తేల్చుకోవాల్సింది ఒకే ఇంజిన్ ఉన్న నాలుగు సీట్ల విమానంలో.

చిన్న విమానం అనగానే తెలుగువాళ్లకి గుర్తొచ్చేది జక్కూరు. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు శివార్లలోని ఆ ఎయిర్‌ఫీల్డ్ నుంచి ఒక సెస్నా 180 లేచింది. నటి సౌందర్య అందులో కరీంనగర్‌కి ఎన్నికల ప్రచారానికి బయల్దేరారు. విమానం చాలినంత ఎత్తు అందుకోకముందే, దగ్గర్లోని గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం ఆవరణలో కూలి మంటల్లో చిక్కుకుంది. నలుగురూ చనిపోయారు. ఆ ప్రమాదానికి ఇంజినే కారణమని ఇక్కడ చెప్పడం లేదు. చేతిలో ఎత్తు లేనప్పుడు, ఏ తేడా వచ్చినా సర్దుకోవడానికి చిన్న విమానానికి ఎంత తక్కువ సమయం ఉంటుందో చెప్పడానికే ఆ పేరు ఎత్తాను.

ఇంజిన్ ఆగితే విమానం ఉన్నచోటనే దబ్బున పడిపోతుందని చాలామంది అనుకుంటారు. పడదు. రెక్కలకి కావాల్సింది వాటి మీదుగా పారే గాలి. ఆ గాలిని పుట్టించే వేగం ఇంజిన్ నుంచి వచ్చినా ఒకటే, ఎత్తు కరిగించి తెచ్చుకున్నా ఒకటే. వంతెన మిట్ట దిగేటప్పుడు పెడల్ తొక్కకపోయినా సైకిలు పరుగెత్తినట్టే ఇదీ. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా తయారైన విమానం సెస్నా 172. ఇంజిన్ ఆగాక గంటకి సుమారు 125 కిలోమీటర్ల వేగం నిలబెట్టుకుంటే, అది ఒక్కో అడుగు దిగుతూ దాదాపు తొమ్మిదేసి అడుగులు ముందుకి సాగుతుంది. అంటే 500 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగితే నేల తగిలేలోగా కిలోమీటరు పైచిలుకు దూరం, 40 సెకన్ల దాకా సమయం చేతిలో ఉంటాయి.

ఇందులో మొదటి నాలుగు సెకన్లు నమ్మలేకపోవడంలోనే పోతాయి. అప్పటిదాకా చెవులు హోరెత్తించిన మోత ఉన్నట్టుండి ఆగుతుంది. విమానం ఎక్కుతూ ఉంది కాబట్టి ముక్కు ఇంకా ఆకాశం వైపే ఉంటుంది. ముందుకి తోసే బలం లేకుండా ముక్కు పైకెత్తి ఉంటే వేగం చూస్తుండగానే పడిపోతుంది. అద్దంలోంచి నేల దగ్గరవుతూ కనిపిస్తుంటే మనిషి చేతులు చేసే పని ఒక్కటే, కంట్రోలుని తన వైపు లాక్కోవడం. చెయ్యాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. కంట్రోలుని ముందుకి నెట్టి, ముక్కుని ఆ వస్తున్న నేల వైపే దించాలి. ఈ ఒక్క కదలికని చేతులకి అలవాటు చెయ్యడానికే శిక్షకులు వేల అడుగుల ఎత్తులో, ఏ ప్రమాదమూ లేని చోట, పదేపదే పవర్ తగ్గించేసి ఇంజిన్ పోయిందనుకోమంటారు.

ముక్కు దించకపోతే జరిగేదాన్ని స్టాల్ అంటారు. పేరు విని ఇంజిన్ సంగతి అనుకుంటారు గానీ ఇది పూర్తిగా రెక్కకి సంబంధించిన వ్యవహారం. రెక్క గాలికి ఎదురుగా నిలిచే కోణం సుమారు 15, 16 డిగ్రీలు దాటితే, దాని పైభాగాన్ని అంటుకుని సాగే గాలి విడిపోయి చిందరవందర అవుతుంది. విమానాన్ని ఎత్తిపట్టే బలం ఒక్కసారిగా పడిపోతుంది. పైలట్ ఇంకా లాగితే ఇంకా పడుతుంది. మలుపులో ఉండగా ఇలా జరిగితే రెండు రెక్కలూ ఒకేసారి ఓడిపోవు. ఒకటి ముందు ఓడిపోతుంది, విమానం ఆ పక్కకి దొర్లి గిరికీలు కొడుతూ దిగుతుంది. దాన్ని స్పిన్ అంటారు. అందులోంచి తేరుకోవడానికి వెయ్యి అడుగుల దాకా ఖర్చవుతుంది. టేకాఫ్ అయిన నిమిషంలో అంత ఎత్తు ఎవరి దగ్గరా ఉండదు.

ఇక టీ బడ్డీ ప్రశ్న. కిలోమీటరు సాగే శక్తి ఉన్నప్పుడు వెనక్కి తిప్పి, వచ్చిన రన్‌వే మీదే దింపితే ఏం పోయింది?

మొదటి చిక్కు మలుపులోనే ఉంది. వెనక్కి తిరగడమంటే 180 డిగ్రీలు అనుకుంటాం. 180 డిగ్రీలు తిరిగాక విమానం రన్‌వే మీద ఉండదు, దానికి సమాంతరంగా పక్కన ఉంటుంది. ఎంత పక్కన? విమానాన్ని 30 డిగ్రీలు వాల్చి, గంటకి 130 కిలోమీటర్ల వేగంతో తిరిగితే మలుపు వ్యాసార్ధం సుమారు 230 మీటర్లు. అంటే రన్‌వేకి 460 మీటర్ల పక్కన, ఏ కొబ్బరితోట మీదనో తేలతాం. అక్కణ్ణించి రన్‌వే గీత మీదకి రావాలంటే ఇంకో 30 డిగ్రీలు అదే పక్కకి తిరిగి, గీత దగ్గరకొచ్చాక మళ్లీ 30 డిగ్రీలు రెండో పక్కకి తిరగాలి. మొత్తం 240 డిగ్రీలు. ఆ వాలులో సెకనుకి 9 డిగ్రీల చొప్పున తిరుగుతుంది కాబట్టి మలుపులకే 27 సెకన్లు కావాలి. మలుపులో విమానం మామూలు కన్నా వేగంగా దిగుతుంది కూడా. నేను లెక్క కట్టి చూస్తే ఆ మలుపులకి 450 అడుగులు, ముందు బిత్తరపోయిన నాలుగు సెకన్లకి మరో 50 అడుగులు తేలాయి. 500 అడుగులు ఇచ్చేస్తే దక్కేది రన్‌వే వైపు ముఖం మాత్రమే. రన్‌వే దాకా వెళ్లే దూరం ఇంకా మిగిలే ఉంటుంది.

అలాంటప్పుడు ఇంకా వాల్చి గబగబా తిరగొచ్చుగా? తిరగొచ్చు. 45 డిగ్రీలు వాల్చితే మలుపులు 15, 16 సెకన్లలో అయిపోతాయి. దిగే వేగం పెరిగినా సమయం తగ్గుతుంది కాబట్టి మొత్తమ్మీద పోయే ఎత్తు 350 అడుగుల లోపే. అమెరికా నేవల్ అకాడమీలో పనిచేసిన ప్రొఫెసర్ డేవిడ్ రోజర్స్ 1995లో ప్రచురించిన పత్రంలో ఈ మలుపు మొత్తాన్ని గణితంగా విప్పి, అన్నిటికన్నా తక్కువ ఎత్తు పోయేది 45 డిగ్రీల దగ్గరేనని చూపించాడు. దానికి ఆయన పెట్టిన షరతు చూడండి, విమానం స్టాల్ అయ్యే వేగానికి కేవలం 5 శాతం పైన ఎగరాలి. కాగితం మీద అది ముచ్చటైన ఫలితం. గుండె నోట్లోకి వచ్చిన మనిషి చేతుల్లో ఆ 5 శాతం నిలుస్తుందా అంటే నాకు నమ్మకం లేదు.

ఎందుకంటే వాలు పెరిగేకొద్దీ స్టాల్ వేగం కూడా పెరుగుతుంది. వాలిన రెక్కల బలంలో కొంత విమానాన్ని పక్కకి లాగడానికి పోతుంది. బరువు మొయ్యడానికి మిగిలింది చాలక రెక్క మరింత శ్రమపడాలి. సెస్నా 172 నిండు బరువుతో, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి వాలే పలకలు) దించకుండా, తిన్నగా ఎగురుతుంటే స్టాల్ అయ్యేది గంటకి 89 కిలోమీటర్ల దగ్గర. 45 డిగ్రీల మలుపులో అది 106 అవుతుంది. 60 డిగ్రీల మలుపులో 126. ఇంజిన్ లేకుండా ఎక్కువ దూరం జారడానికి నిలబెట్టుకోవాల్సిన వేగం ఇంతకు ముందు చెప్పాను, సుమారు 125. అంటే రన్‌వే తప్పిపోతోందన్న తొందరలో పైలట్ ఇంకొంచెం వాల్చి, ఇంకొంచెం లాగితే, స్పీడు ముల్లు చూపించాల్సిన అంకె మీదే ఉంటుంది, రెక్క మాత్రం పని మానేస్తుంది.

రెండో చిక్కు ఇంతకన్నా విచిత్రం. దీన్ని మొదటిసారి చదివినప్పుడు నేను కాగితం తీసి మళ్లీ లెక్కేసుకున్నాను. ఎత్తు పెరిగేకొద్దీ వెనక్కి రావడం సులువవుతుందని అనుకుంటాం. ఎక్కే వాలు, జారే వాలు పక్కపక్కన పెట్టి చూడండి. నిండు బరువుతో, సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల వాతావరణంలో సెస్నా 172 నిమిషానికి సుమారు 730 అడుగులు ఎక్కుతుంది. ఆ నిమిషంలో ముందుకి దాదాపు 7,500 అడుగులు పోతుంది. అంటే ఒక్కో అడుగు ఎత్తుకీ పదడుగుల పైచిలుకు దూరం. దిగేటప్పుడు అడుక్కి తొమ్మిదే. సంపాదించిన ఎత్తంతా ఖర్చుపెట్టినా బయల్దేరిన చోటు అందదన్నమాట. గాలి వీచని రోజున తిన్నగా ఎక్కుతూ పోతే, ఎంత పైకెళితే అంత వెనకబడతాం.

కాస్త ఆదుకునేది రన్‌వే పొడవు. అయిదువేల అడుగుల రన్‌వే అనుకుందాం. విమానం మొదటి వెయ్యి అడుగుల్లో లేచిందనుకుంటే ముందు ఇంకా నాలుగువేల అడుగుల రన్‌వే ఉంటుంది. వెయ్యి అడుగుల ఎత్తుకి చేరేసరికి లేచిన చోటు నుంచి పదివేల మూడొందల అడుగులు వచ్చేశాం, రన్‌వే అంచు 6,300 అడుగుల వెనక ఉంది. ఇంజిన్ ఆగింది. తిరగడానికి 500 అడుగులు పోతే మిగిలిన 500 అడుగులతో జారగలిగేది 4,500 అడుగులు. అర కిలోమీటరు పైన తక్కువ పడింది. ఆ అర కిలోమీటరులో ఉండేది ప్రహరీ గోడో, ఇళ్లో.

మే నెల మధ్యాహ్నం అయితే ఇంకా అన్యాయం. ఎండ 40 డిగ్రీలు కాసినప్పుడు గాలి పలచబడుతుంది. సముద్రమట్టానికి దగ్గర్లో ఉన్న నరసన్నపేట లాంటి చోట కూడా ఇంజిన్‌కీ రెక్కకీ మూడువేల అడుగుల కొండ మీద ఉన్నంత పలచటి గాలి దొరుకుతుంది. ఎక్కే వేగం నిమిషానికి 650 అడుగుల లోపుకి పడిపోతుంది. అడుగు ఎత్తుకి పదకొండు, పన్నెండు అడుగుల దూరం పోవాల్సి వస్తుంది. జారే వాలు మాత్రం ఏమీ మారదు.

గాలి ఈ లెక్కని కొంత మంచికీ కొంత చెడుకీ మారుస్తుంది. విమానాలు మామూలుగా ఎదురుగాలిలోనే లేస్తాయి. దానివల్ల రన్‌వేకి దగ్గరగా ఉంటూనే ఎత్తు పెరుగుతుంది. వెనక్కి తిరిగాక అదే గాలి వీపు మీద తోస్తుంది, దూరం కలిసొస్తుంది. అంతవరకూ లాభమే. దిగే క్షణంలో బాకీ తీర్చాలి. గాలిలో 110 కిలోమీటర్ల వేగంతో దిగుతున్న విమానం 18 కిలోమీటర్ల ఎదురుగాలిలో నేలని 92తో తాకుతుంది. అదే గాలి వెనక నుంచి వస్తే 128తో తాకుతుంది. దెబ్బ తీవ్రత వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ రెండింటికీ మధ్య శక్తి దాదాపు రెట్టింపు. అదీగాక, నేల గబగబా వెనక్కి పరుగెడుతుంటే పైలట్ కళ్లు ‘వేగం ఎక్కువైంది’ అని చెబుతాయి. కంట్రోలు లాగాలనిపిస్తుంది. లాగితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం.

అందుకే సెస్నా 172 పుస్తకంలో టేకాఫ్ అయిన వెంటనే ఇంజిన్ ఆగితే చెయ్యాల్సినవి చాలా పొదుపుగా రాసి ఉంటాయి. వేగం నిలబెట్టు, ఇంధనం కట్టు, ఇగ్నిషన్ ఆపు, ఫ్లాప్స్ దించు, కరెంటు ఆపు, తలుపు గడియ తియ్యి, ఎదురుగా ఉన్న నేల మీద దిగు. అడ్డం వచ్చినవాటిని తప్పించుకోవడానికి కాస్త ఇటూ అటూ తిప్పొచ్చు, అంతే.

పైలట్ల లోకం వెనక్కి తిరిగే మలుపుకి ‘అసాధ్యపు మలుపు’ అని పేరు పెట్టి, అసలు ఆలోచించనే కూడదని కొన్ని తరాల పాటు బోధించింది. ఈమధ్య ఆ పట్టు కాస్త సడలింది. 2018లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, ఎప్పుడు తిరగొచ్చో ఎలా తిరగాలో శిక్షకులు నేర్పితే మంచిదని సూచించింది. నాకైతే ఇది సబబుగానే తోస్తోంది. చెయ్యొద్దని మాత్రమే విన్నవాడు భయం పుట్టిన క్షణంలో చేసి చూస్తాడు. తన విమానంలో, ఆ బరువుతో, నాలుగువేల అడుగుల పైన చేసి చూసుకుని, ఎంత ఎత్తు పోయిందో అంకెతో సహా తెలిసినవాడికి ఆ అంకె కింద ఇంజిన్ పోతే ఊగిసలాట ఉండదు. రన్‌వే మీదకి వెళ్లకముందే ఆ అంకెని పైకి చదువుకుంటారు కూడా. ‘నేల మీద ఉండగా పోతే బ్రేక్ వేస్తాను. లేచాక రన్‌వే మిగిలి ఉంటే దాని మీదే దింపుతాను. ఫలానా ఎత్తు లోపు పోతే ఎదురుగానే.’ ఒక్కరే ఉన్నా సరే, పైకి వినిపించేలా అనుకోమంటారు శిక్షకులు.

ఇంతసేపూ ఇంజిన్ పూర్తిగా ఆగిపోవడం గురించే మాట్లాడాను. అంతకన్నా మోసకారి ఇంకొకటి ఉంది. ఇంజిన్ ఆగదు, సగం చచ్చి నడుస్తుంది. తన్నుకుంటూ, దగ్గుతూ, ఎత్తు నిలబెట్టీ నిలబెట్టనట్టు లాక్కొస్తుంది. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానాలకి టేకాఫ్‌లో వచ్చిన ఇబ్బందులన్నీ పరిశీలించింది. పవర్ పూర్తిగా పోవడం కన్నా కొంత పోవడమే మూడు రెట్లు ఎక్కువని తేలింది. 2000 నుంచి 2010 దాకా అలా కొంత పవర్ పోయిన సందర్భాల్లో ప్రాణాలు తీసిన ప్రమాదాలు తొమ్మిది. ఇంజిన్ మొదటే పూర్తిగా ఆగిపోయిన వాటిలో ఒక్కటీ లేదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. పూర్తిగా ఆగితే పైలట్ నిర్ణయం తీసుకుంటాడు. సగం నడుస్తుంటే ఆశ పడతాడు. ఆశపడి వెనక్కి తిప్పుతాడు, మలుపు మధ్యలో మిగిలిన సగమూ పోతుంది.

2015 మార్చి 5న హాలీవుడ్ నటుడు హారిసన్ ఫోర్డ్ విషయంలో ఆ ఆశా, ఆ నిర్ణయమూ రెండూ కనిపించాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి రయన్ శిక్షణ విమానంలో ఒంటరిగా కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నుంచి లేచాడు. సుమారు 1,100 అడుగుల దగ్గర ఇంజిన్ శక్తి కోల్పోయింది. రన్‌వేకి తిరిగొస్తానని రేడియోలో చెప్పి మలుపు అందుకున్నాడు. కాసేపటికే అందదని గ్రహించి, ఆ ఆశ వదిలేసి, పక్కనున్న గోల్ఫ్ మైదానంలోకి దించాడు. చెట్టు కొమ్మ తగిలింది, ఎముకలు విరిగాయి, బతికాడు. కార్బ్యురేటర్ లోపల ఇంధనాన్ని కొలిచి వదిలే చిన్న జెట్ మరలూడిందని దర్యాప్తులో తేలింది. ఆ రోజు ఆయన ప్రాణం నిలబెట్టింది మలుపు కాదు, మలుపు మానుకోవడం.

ఇంజిన్ ఎందుకు పోతుందన్నది చాలాసార్లు నేల మీదే రాసి ఉంటుంది. ఇంధనంలో నీళ్లు ఒక కారణం. సగం నిండిన ట్యాంకులో రాత్రి చల్లబడిన గాలిలోని తేమ చుక్కలు కట్టి అడుగుకి చేరుతుంది. వానాకాలం అయితే మూత సందుల్లోంచి కూడా దిగుతుంది. అందుకే ఉదయాన్నే పైలట్ రెక్క కింద వంగి, చిన్న ప్లాస్టిక్ గొట్టంలోకి కొంచెం ఇంధనం వంపి, వెలుతురుకి ఎత్తి చూస్తాడు. విమాన పెట్రోలుకి లేత నీలం రంగు కలుపుతారు. దాని కింద రంగులేని బుడగ ఒకటి విడిగా కూర్చుంటే అది నీరు. గొట్టం నిండా రంగు లేకపోతే ఇంకా ప్రమాదం, మొత్తం నీళ్లే కావచ్చు. ట్యాంకు గాలిగొట్టంలో కందిరీగలు మట్టి గూడు పెట్టినా ఇబ్బందే. లోపలికి గాలి పోకపోతే ఇంధనం బయటికి రాదు.

ఇంధనం మీట మూసి ఉన్నా ఇంజిన్ స్టార్ట్ అవుతుందంటే నమ్ముతారా? గొట్టాల్లో, కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలింది రన్‌వే దాకా నడవడానికి సరిపోతుంది, ఒక్కోసారి లేవడానికి కూడా. సరిగ్గా ఆగకూడని చోట ఆగుతుంది. కార్బ్యురేటర్ ఉన్న సెస్నా 152 లాంటి విమానాలకి మన తీరం గాలి ఇంకో పరీక్ష పెడుతుంది. ఇంధనం ఆవిరయ్యేటప్పుడూ ఇరుకు గొంతులోంచి గాలి దూసుకుపోయేటప్పుడూ లోపల 30 డిగ్రీల దాకా చల్లబడుతుంది. బయట 25 డిగ్రీల ఉక్కపోత ఉన్నా లోపల మంచు గడ్డకట్టి గాలిదారి పూడుతుంది. చొక్కా చెమటతో వీపుకి అంటుకునే రోజున ఇంజిన్ గొంతులో మంచు!

ఇప్పుడు ఊరికే ఒక ఊహ. నరసన్నపేట మీదుగా పోతున్న చిన్న విమానానికి 800 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగింది. రన్‌వే లేనే లేదు, వెనక్కి తిరిగే ఆశా లేదు. ఎక్కడ దిగాలి?

పై నుంచి చూస్తే అందరికన్నా ముందు ఊరించేది జాతీయ రహదారి. నున్నగా, తిన్నగా, వెడల్పుగా కనిపిస్తుంది. వాయుసేన 2022 డిసెంబర్ 29న బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర ఇదే 16వ నంబరు రహదారి మీద విమానాలతో ట్రయల్ చేసింది కదా అనిపిస్తుంది. అది నాలుగు కిలోమీటర్ల పొడవున అందుకోసమే కట్టిన రన్‌వే, ఆ రోజు ట్రాఫిక్ ఆపేశారు. మడపాం టోల్‌గేటు వైపు బారులు తీరిన లారీలకి పైన ఏమి జరుగుతోందో తెలియదు. రోడ్డుని అడ్డంగా దాటే కరెంటు తీగలు పై నుంచి అసలు కనిపించవు. స్తంభాలు కనిపిస్తాయి. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క అని పైలట్లకి నేర్పుతారు.

వంశధార ఇసుక వేసవిలో విశాలంగా పరుచుకుని ఉంటుంది. మెత్తటి ఇసుకలో ముందు చక్రం కూరుకుపోతే విమానం తోక పైకి లేచి తిరగబడొచ్చు. ఆగస్టులో ఊడ్చిన మడి నీళ్లతో, బురదతో అదే పని చేస్తుంది. డిసెంబరులో కోత కోసిన మడి మేలు, కుప్పలు వెయ్యని చోటు చూసుకుంటే. అపరాలు చల్లిన మడి ఇంకా మంచిది. ఏ మడైనా గట్టుకి అడ్డంగా కాక గట్టు వెంబడే దిగాలి. గాలి ఎటు నుంచి వస్తుందో తాటాకులు చెబుతాయి, ఎక్కడో చెత్త కాలుస్తున్న పొగ చెబుతుంది. మధ్యాహ్నం అయితే సముద్రం వైపు నుంచే వీచే అవకాశం ఎక్కువ. రెండు చెట్ల మధ్య దూరి రెక్కలు విరగ్గొట్టుకున్నా పర్వాలేదు. విమానం పోతే పోనీ, మనుషులు కూర్చున్న డబ్బా నలగకూడదు. గంటకి 80 కిలోమీటర్ల వేగం నుంచి మూడు మీటర్లలో ఆగితే శరీరం మీద పడేది గురుత్వాకర్షణకి ఎనిమిది, తొమ్మిది రెట్ల బలం. చిన్న విమానాల సీట్లూ బెల్టులూ సాధారణంగా ముందువైపు అంత బలాన్ని తట్టుకునేలా చేస్తారు. అదే 160 నుంచి ఆగాలంటే పన్నెండు మీటర్లు కావాలి. నెమ్మదిగా, అదుపులో, రెక్కలు సమంగా పెట్టి తగిలినవాళ్లు బతికి బయటపడే కథలు అందుకే అన్ని ఉన్నాయి.

తలుపు గడియ ముందే తియ్యమనేది కూడా ఇందుకే. తగిలిన దెబ్బకి చట్రం వంకరపోతే మూసి ఉన్న తలుపు బిగుసుకుపోతుంది.

మడిలో విమానం దిగితే పరుగెత్తుకెళ్లేది ఊరి జనమే కాబట్టి వాళ్లకీ రెండు మాటలు. బీడీలు ఆర్పెయ్యాలి, రెక్కల్లో పెట్రోలు ఉంటుంది. లోపలివాళ్ల బెల్టులు విప్పడానికి రాకపోతే కొడవలితో కోసెయ్యాలి, 112కి ఫోన్ కొట్టాలి. ముందున్న పంకాని మాత్రం ఎవరూ చేత్తో తిప్పకూడదు. ఇంజిన్‌లో మంట రగిలించే మాగ్నెటోలు బ్యాటరీ కరెంటు మీద ఆధారపడవు. స్విచ్ నుంచి వెళ్లే తీగ ఒకటి దెబ్బకి తెగి ఉంటే, తాళం తీసేసినా సరే, పంకాని కాస్త కదిపితే చాలు, ఇంజిన్ ఒక్క తన్ను తన్నగలదు.